మధ్య వరసల్లోవాళ్ళు ఎక్కడికి పోయారు?

(డిసెంబరు 5, అంతర్జాతీయ వాలంటీర్ల దినం నాటి సాయంత్రం తెనాలిలోని ఒక గ్రంథాలయంలో, రిటైరైన కళాశాల అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆవిడ చాలా ఏళ్ళు ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా పనిచేశారు. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండమ్మా. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయిగా. రండి, మొహమాటం వద్దు. ఆ మధ్య వరసల్లో కూర్చోండి.

ఇక్కడ నిలబడి చూస్తుంటే నాకు ఏం కనపడిందో చెప్తాను. ముందు మూడు వరసల్లో పెద్దవాళ్ళున్నారు. అందరూ నా వయసు వాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు. వెనక గోడవారన పిల్లలున్నారు. కాలేజీ పిల్లలు, ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు. మధ్యలో నాలుగైదు వరసలు ఖాళీ. ఇవాళ ఇక్కడే కాదండీ, నేను వెళ్ళిన ప్రతి సేవా కార్యక్రమంలోనూ ఇంతే. రక్తదాన శిబిరంలోనూ ఇంతే, మొక్కలు నాటే చోటా ఇంతే. ఇరవై ఏళ్ళవాళ్ళుంటారు, అరవై దాటినవాళ్ళుంటారు. ముప్ఫై నుంచి యాభై దాకా ఉండేవాళ్ళు, మన ఇళ్ళల్లో కొడుకులూ కోడళ్ళూ కూతుళ్ళూ అల్లుళ్ళూ, వాళ్ళేరీ? ఎక్కడికి పోయారు? ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే.

ముందు ఒక్క మాట. వాలంటీర్ అనే మాట మన రాష్ట్రంలో ఈ మధ్య ఇంకో అర్థంలో స్థిరపడింది. 2019 ఆగస్టు 15న గ్రామ వాలంటీర్ల వ్యవస్థ వచ్చింది. యాభై ఇళ్ళకు ఒకరు, నెలకి 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చేవాళ్ళు. అప్పట్నుంచీ ఎవరైనా పిల్లవాడు ఇంటికొచ్చి "వాలంటీర్‌గా వెళ్తున్నా నానమ్మా" అంటే, "నెలకెంత ఇస్తారురా?" అని అడుగుతోంది నానమ్మ. అందులో ఆవిడ తప్పేం లేదు. ఆ పని ఆ పనే, దాని మంచిచెడ్డలు ఇవాళ్టి మాట కాదు. నేను చెప్తున్నది ఎవరూ జీతం ఇవ్వకుండా, ఎవరూ హాజరు వెయ్యకుండా, మనంతట మనం పోయి చేసే పని గురించి. అందుకే నేను "సేవకు వచ్చేవాళ్ళు" అనే అంటాను. పాత మాటే, కానీ గందరగోళం ఉండదు.

పెద్దవాళ్ళందరూ నాతో అనే మాట ఒకటుంది. "ఈ కాలం పిల్లలకి సేవాభావం లేదమ్మా, ఫోన్లు తప్ప ఏం పట్టవు." ఇది నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నిజమేనా? కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం.

మనం కూర్చున్నది గ్రంథాలయంలో. ఈ ప్రాంతంలో గ్రంథాలయాలు ఎవరు పెట్టారండీ? పెద్దవాళ్ళా? వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో మొదలైంది. మొదలుపెట్టింది ఎవరు? యువజన సంఘం. ఊళ్ళో కుర్రాళ్ళు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దాని కోసం తిరిగిన అయ్యంకి వెంకటరమణయ్యగారు 1890లో పుట్టారు. అంటే అప్పటికి ఆయన వయసెంత? మీరే లెక్కేసుకోండి. ఇరవై మూడో, ఇరవై నాలుగో. ఇక్కడ మన కొల్లిపర, పెదవడ్లపూడి కాలవలమీద 1930లలో పడవల్లో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా ఇచ్చారు. పడవ రేవులో ఆగితే జనం వచ్చి పాత పుస్తకం ఇచ్చి కొత్త పుస్తకం పట్టుకెళ్ళేవాళ్ళు. మన తెనాలి చుట్టుపక్కల జరిగిన సంగతే ఇది. పిల్లలూ, మీలో ఎంతమందికి తెలుసు? తెలీదు కదా. మీ తప్పు కాదు. మేం చెప్పలేదు.

మరి ఇవాళ ఈ తలుపు ఎవరు తీస్తున్నారు? మన సెక్రటరీగారు. ఆయనకి డెబ్భై రెండు. అంటే అప్పుడు కుర్రాళ్ళు పెట్టినదాన్ని ఇప్పుడు పెద్దాయన కాపాడుతున్నాడు. ఇది చూసి "కుర్రాళ్ళు మారిపోయారు" అనొచ్చు. కానీ నేను ఇంకోలా చూస్తాను. పెట్టడం కుర్రతనం పని, నిలబెట్టడం పెద్దరికం పని. ఎప్పుడూ అంతే. ఆ కుర్రాళ్ళు కూడా ముసలివాళ్ళై తలుపులు తీసినవాళ్ళే. అయితే వాళ్ళు ఇరవై ఏళ్ళప్పుడూ వచ్చారు, నలభై ఏళ్ళప్పుడూ వచ్చారు, డెబ్భై ఏళ్ళప్పుడూ వచ్చారు. మధ్యలో తెగిపోలేదు. ఇప్పుడు తెగిపోతోంది. నా బాధ అదీ.

నా సంగతి చెప్తాను. 1977 నవంబరు 19. శనివారం. దివిసీమ ఉప్పెన. ఇక్కడున్న నా వయసు వాళ్ళెవరూ ఆ రాత్రి మర్చిపోయి ఉండరు. మన తెనాల్లో కూడా ఆ రాత్రంతా గాలి. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను, పంతొమ్మిదేళ్ళు. రెండ్రోజులకి గానీ అక్కడ ఏం జరిగిందో మాకు తెలియలేదు. పదివేల మందికి పైగా పోయారు. మా క్లాసు అబ్బాయిలు రేపల్లె మీదుగా పెనుమూడి రేవుకి పోయి, అప్పటికింకా అక్కడ వారధి లేదు, పడవ దాటి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు చేసిన పని ఏంటో తెలుసా? శవాలు ఎత్తడం. ఇరవై ఏళ్ళ పిల్లలు. తిరిగొచ్చాక నెల రోజులపాటు ఒకబ్బాయి అన్నం సరిగ్గా తినలేదు. అమ్మాయిల్ని పంపలేదు. మేం వీధివీధీ తిరిగి బియ్యం, బట్టలు పోగుచేశాం.

ఆ బట్టల్లో ఏముండేవో చెప్పనా? చిరిగినవి ఉండేవి. జరీ చీరలూ ఉండేవి. సర్వం పోయి బురదలో ఉన్న మనిషికి జరీ చీర ఎందుకండీ? ఆ సంగతి మాకు తెలీదు. అన్నీ మూటకట్టి లారీ ఎక్కించబోతుంటే మా వీధిలో ఒక పెద్దావిడ వచ్చి ఆపింది. ఆపి, మమ్మల్ని అరుగుమీద కూర్చోబెట్టి, మూటలన్నీ విప్పించింది. నూలు చీరలు ఒకపక్క, దుప్పట్లు ఒకపక్క, పసిపిల్లల బట్టలు ఒకపక్క. ప్రతి చీరకీ ఒక లంగా, ఒక జాకెట్టు జత కట్టించింది. "చీర ఒక్కటే ఇస్తే ఆ మనిషి ఎలా కట్టుకుంటుందే?" అంది. పంతొమ్మిదేళ్ళ నాకు ఆ ఊహ రాలేదు. నాకు కాళ్ళల్లో బలం ఉంది, ఆవిడకి ఆ ఊహ ఉంది. ఇద్దరం కలిస్తేనే ఆ మూట పనికొచ్చే మూట అయింది.

ఇప్పుడు 2024కి రండి. సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ అంతా నీళ్ళు. మొదటి అంతస్తు దాకా నీళ్ళు. మీలో చాలామంది వెళ్ళారు, నాకు తెలుసు. నేను వెళ్ళలేదు, నాకు మోకాళ్ళ నొప్పులు. ఇక్కడే వంటచోట కూర్చున్నాను. నేను చూసింది చెప్తాను. ఆ పిల్లల్ని ఎవరూ మైకులో పిలవలేదు. ఏ సంఘమూ తీర్మానం చెయ్యలేదు. ఎవరో వాట్సాప్‌లో ఒక లొకేషన్ పెట్టారు. రెండు గంటల్లో నలభై మంది. నడుములోతు నీళ్ళల్లో నీళ్ళ కేసులు నెత్తిన పెట్టుకుని పోయారు. అందులో సగం మందికి ఒకళ్ళ పేరు ఒకళ్ళకి తెలీదు. పని అయ్యాక ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఫోటో కోసం కూడా ఆగలేదు.

ఫోన్లు తప్ప ఏం పట్టవు అన్నాం కదా? ఆ ఫోనే కదా పిలిచింది!

అక్కడ కూడా ఒక సంగతి జరిగింది. మొదటి రోజు కుర్రాళ్ళు సాంబారన్నం పొట్లాలు కట్టారు. పడవ దొరికి, ఆ చివరి వీధికి చేరేసరికి సాయంత్రం. వాసన వచ్చేసింది. అంత కష్టమూ వృథా. రెండో రోజు మా వంటచోట ఒక పిన్నిగారు, అరవై ఐదుంటాయి, "పులిహోర చెయ్యండర్రా, చింతపండు పులుసు పట్టించిన అన్నం రాత్రిదాకా ఉంటుంది" అంది. ఎంత చిన్న మాట! ఆ రోజు నుంచి ఒక్క పొట్లం పాడవలేదు. 1977లో లంగా జాకెట్టు చెప్పిన ఆవిడే మళ్ళీ వచ్చి చెప్పినట్టు అనిపించింది నాకు.

కాబట్టి పిల్లలకి సేవాభావం లేదనే మాట నేను ఒప్పుకోను. ఒక్కటి మారింది, అది ఒప్పుకుంటాను. మా రోజుల్లో ముందు సంఘంలో చేరేవాళ్ళం, తర్వాత పని వచ్చేది. సభ్యత్వం, చందా, రశీదు పుస్తకం. ఇప్పుడు వాళ్ళు పనికి వస్తారు, సంఘానికి రారు. "మా సంఘంలో చేరు" అంటే రారు. "ఆదివారం పది నుంచి పన్నెండు దాకా ఈ పని ఉంది, వస్తావా?" అంటే వస్తారు. దీన్ని మనం నిలకడ లేకపోవడం అంటున్నాం. నేనలా అనను. వాళ్ళ బతుకే అలా ఉంది. ఇవాళ తెనాల్లో చదువు, ఆర్నెల్ల తర్వాత హైదరాబాదులో కోచింగు, ఏడాది తర్వాత బెంగళూరు. ఎక్కడుంటారో తెలియని పిల్ల మీ సంఘంలో అయిదేళ్ళ సభ్యత్వం ఎలా తీసుకుంటుంది?

ఇక ఎన్‌ఎస్‌ఎస్. పిల్లలూ, మీకు తెలిసిందే అయినా పెద్దవాళ్ళ కోసం చెప్తాను. 1969 సెప్టెంబరు 24న మొదలైంది, గాంధీగారి శతజయంతి ఏడాది. 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో. ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళకి 240 గంటలు, మధ్యలో ఏడు రోజుల క్యాంపు. నేను ఆ క్యాంపులు ఎన్ని నడిపానో! కృష్ణ ఒడ్డున, కాలవ గట్టుమీద, ఎస్సీ కాలనీ బళ్ళో. ఆ ఏడు రోజులూ పిల్లలు మారిపోతారండీ. ఇంట్లో కంచం తియ్యని పిల్లాడు పదిహేను మందికి వడ్డిస్తాడు. ఆఖరి రోజు ఊరివాళ్ళు ఏడుస్తారు, పిల్లలు ఏడుస్తారు, నేనూ ఏడుస్తాను.

తర్వాత? రెండేళ్ళు అయిపోతాయి. సర్టిఫికెట్ ఇస్తాం. అంతే.

రిటైరైన కొత్తలో బీరువా సర్దుతుంటే నా పాత క్యాంపు రిజిస్టర్లు దొరికాయి. పేర్లు, ఊళ్ళు. కొందరి నంబర్లు పట్టుకుని ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాను. ముప్ఫై మందికి పైనే చేశాను. ఒకడు బ్యాంకులో ఉన్నాడు. ఒకమ్మాయి టీచరు. ఒకడికి ఎరువుల కొట్టు. ఒకమ్మాయి డల్లాస్‌లో ఉంది. అందర్నీ ఒకటే అడిగాను. "క్యాంపు తర్వాత మళ్ళీ ఏదైనా చేశావా నాన్నా?" దాదాపు అందరూ లేదన్నారు. ఎందుకని అడిగితే ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. అందరూ చెప్పేదే. కానీ ఎరువుల కొట్టు అబ్బాయి చివర్లో ఒక మాటన్నాడు. "మళ్ళీ మీరు పిలవలేదు కదా మేడమ్."

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే అది నిజం. నేను పిలవలేదు. కొత్త బ్యాచ్ వచ్చింది, వాళ్ళతో మునిగిపోయాను. పాతవాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, సంసారాలొచ్చాయి, ఇంక రారులే అని నేనే అనుకున్నాను. వాళ్ళు రానన్నారా? అనలేదు. నేను అడిగానా? అడగలేదు. ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి అన్నట్టుగా అన్నాడండీ ఆ అబ్బాయి ఆ మాట. ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

ఇప్పుడు మధ్య వరసల సంగతికి వద్దాం. ముప్ఫై నుంచి యాభై. ముందు ఆడవాళ్ళ మాట.

2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా ఒక సర్వే చేసింది. రోజులో ఎవరు ఏ పనికి ఎంతసేపు వాడుతున్నారు అని. ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనిలో ఉంటున్నారు. అంటే అయిదు గంటలు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు ఇంటి పని ముట్టుకునే మగవాళ్ళే నూటికి 26 మంది. ఆడవాళ్ళు 81 మంది. అదే సర్వేలో, జీతం లేని స్వచ్ఛంద పనీ, జీతం లేని శిక్షణ పనీ అన్నీ కలిపినా ఆ రోజు అలాంటి పని చేసినవాళ్ళు నూటికి 2.4 మంది. ఇక చూడండి. అయిదు గంటలు వంటా వార్పూ, ఆపైన పిల్లల హోంవర్కు, అత్తగారి మందులు, కొందరికి ఉద్యోగం కూడా. ఆ అమ్మాయిని మనం "ఆదివారం రోజంతా కార్యక్రమం ఉంది, రామ్మా" అంటాం. ఎలా వస్తుంది? ఆదివారం ఇంట్లో పని తక్కువా ఎక్కువా? చెప్పండమ్మా, మీరే చెప్పండి. ఎక్కువ!

ఇంకోటి కూడా ఉంది. ఆ అమ్మాయి ఏమీ చెయ్యట్లేదా? పక్కింట్లో చావు జరిగితే పది రోజులు క్యారియరు పంపేది ఎవరు? అపార్ట్‌మెంటులో ఒంటరిగా ఉండే ముసలాయనకి పొద్దున్నే కాఫీ ఇచ్చేది ఎవరు? పురిటికి ఆసుపత్రికి తోడు వెళ్ళేది ఎవరు? ఆ అమ్మాయే. ఆవిణ్ణి "మీరు సేవ చేస్తారా?" అని అడగండి. "అబ్బే, మాకెక్కడ కుదురుతుందండీ" అంటుంది. తను చేసేది సేవ అని ఆవిడకీ తెలీదు, మనకీ తెలీదు. బ్యానరు కట్టలేదు కదా.

అయితే తీరిక లేకపోవడం ఒక్కటే కారణమా? కాదు. ఒక్కసారి నెల్లూరు గుర్తు తెచ్చుకోండి. 1990, 91 ప్రాంతంలో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. చదువు చెప్పింది ఎవరు? ఊళ్ళో చదువుకున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు, జీతం లేకుండా. నేర్చుకున్నది ఎవరు? ఎక్కువమంది ఆడవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు. క్లాసు ఎప్పుడు? రాత్రిపూట. వంట అయి, పిల్లలు తిన్నాక. ఇంటికి దగ్గర్లో, నలుగురు కూర్చునే చోట. వాళ్ళ వాచకంలో సారాయి మీద తిరగబడ్డ ఒక ఊరి కథ పాఠంగా ఉండేది. ఆ పాఠం మీద మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ, దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా దుకాణం మీదికి వెళ్ళారు. దూబగుంట రోశమ్మగారి పేరు మీరందరూ విన్నారు. 1992కి జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

వాళ్ళకి తీరిక ఉందా అండీ? మనకన్నా తక్కువ. పొద్దంతా నాట్లు, కలుపు, సాయంత్రం వంట. చంకన పిల్లలు. అయినా రాత్రుళ్ళు కాపలా కాశారు. ఎందుకు? ఆ సమస్య వాళ్ళ ఇంట్లోది. కూలి డబ్బులు సారాకి పోతున్నాయి, దెబ్బలు తినేది వాళ్ళు. అదీ సంగతి. నడివయసు మనిషి తన గుమ్మం దాకా వచ్చిన పనికి కదులుతుంది. పిల్లల బడి, తాగే నీళ్ళు, వీధి దీపం, మొగుడి తాగుడు. వీటికి కదులుతుంది.

అమెరికాలో మనవాళ్ళని చూడండి. 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి నడుస్తోంది. తెలుగు చెప్పేవాళ్ళు ఎవరు? ఆ పిల్లల అమ్మానాన్నలే. ముప్ఫై అయిదు, నలభై అయిదు వయసు. వారమంతా ఆఫీసు, వారాంతంలో ఓనమాలు. నా డల్లాస్ అమ్మాయి, క్యాంపు తర్వాత ఏమీ చెయ్యలేదు అంది చూశారా, ఆ అమ్మాయే, ఇప్పుడు వారం వారం తెలుగు చెప్తోంది. "అది సేవ కాదు మేడమ్, మా పాప కోసం వెళ్తున్నా" అంది. నీ పాపతో పాటు ఇంకో పన్నెండు మంది పిల్లలు నేర్చుకుంటున్నారు కదమ్మా, అన్నాను. ఇక్కడ మన తెనాల్లో అదే వయసు తల్లిదండ్రులు బడి గేటు దగ్గర బండి ఆపి పిల్లల్ని దింపి వెళ్ళిపోతారు. లోపలికి రమ్మని మనం ఎప్పుడైనా పిలిచామా? నెలకి ఒక్కరోజు, ఒక్క గంట, నాలుగో తరగతి పిల్లలకి కథ చదివి వినిపించండి అని?

మగవాళ్ళ మాట త్వరగా చెప్తాను. ముప్ఫై అయిదు, నలభై ఏళ్ళ మగవాళ్ళు డబ్బులిస్తారు, మనుషులు రారు. చందాకి వెళ్తే కాదనరు. పదివేలు ఇచ్చి తప్పుకుంటారు. మనం కూడా వాళ్ళని డబ్బు కోసమే పలకరించి పలకరించి అలా అలవాటు చేశాం. వాళ్ళ దగ్గర ఇంకేం ఉంది? పనితనం ఉంది. ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, అకౌంట్లు చూసేవాడు ఉన్నాడు, లారీ ఉన్నవాడు ఉన్నాడు. ఈ హాల్లో రెండు ఫ్యాన్లు తిరగట్లేదు, మూణ్ణెల్లయింది. ఎలక్ట్రీషియన్ని చందా అడిగాం. ఫ్యాను చూడమని అడగలేదు.

రక్తం సంగతి కూడా ఇందులోనే ఉంది, దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది ప్రాణం సంగతి. రక్తం పద్దెనిమిది నుంచి అరవై అయిదు దాకా ఇవ్వచ్చు. అరవై దాటాక మొదటిసారి ఇస్తానంటే తీసుకోరు, ముందు నుంచీ ఇస్తున్నవాళ్ళయితేనే అరవై అయిదు దాకా. మగవాళ్ళు మూణ్ణెల్లకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెల్లకోసారి. బరువు 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మన ఆడపిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సరే, మన శిబిరాలన్నీ ఎక్కడ పెడతాం? కాలేజీల్లో. ఎవర్ని నమ్ముకుంటాం? ఇరవై ఏళ్ళవాళ్ళని. ఏప్రిల్ వస్తుంది, పరీక్షలు. మే వస్తుంది, సెలవులు. హాస్టళ్ళు ఖాళీ. ప్రతి ఎండాకాలం బ్లడ్ బ్యాంకుల్లో కొరత. ప్రతి ఎండాకాలం! తలసేమియా పిల్లలకి ఎండాకాలం సెలవులుంటాయా? వాళ్ళకి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ తల్లి మే నెలలో ఒక యూనిట్ కోసం ఫోన్ పట్టుకుని ఎంతమందికి చేస్తుందో నేను చూశాను, పక్కన కూర్చుని చూశాను. ఒక్క వయసువాళ్ళనే నమ్ముకుంటే ఏమవుతుందో తెలియాలంటే ఆ తల్లి పక్కన ఒక్క పూట కూర్చోండి. నలభై ఏళ్ళ మనిషి మే నెలలో ఎక్కడికీ పోడు. కొట్లో ఉంటాడు, ఆఫీసులో ఉంటాడు. అతన్ని ఎవరు అడిగారు?

పెద్దవాళ్ళ గురించి. ముందు వరసలవాళ్ళు కాస్త ఓపిక పట్టి వినాలి.

పెద్దవాళ్ళు సేవకి ఎలా వస్తారో చూడాలంటే తిరుమల వెళ్ళాలి. శ్రీవారి సేవ 2000 సంవత్సరంలో మొదలైంది. ఎక్కడెక్కడి పల్లెల నుంచో బృందాలుగా వస్తారు. మా ఊరి నుంచి కూడా ఏటా ఒక బృందం వెళ్తుంది. నాట్లు అయిపోయాక, చేతిలో పని లేని రోజులు చూసుకుని. ఎక్కువమంది యాభై దాటిన ఆడవాళ్ళు. వారం రోజులు క్యూలైన్లలో మంచినీళ్ళివ్వడం, అన్నప్రసాదం దగ్గర వడ్డించడం, కూరగాయలు తరగడం. ఇంట్లో "నాకు నడుం నొప్పి" అనే ఆవిడ అక్కడ ఆరేసి గంటలు నిలబడుతుంది. భక్తి వల్ల. కాదనను. కానీ భక్తి ఒక్కటే కాదండీ. నేను వాళ్ళని అడిగాను. ఎన్ని రోజులో ముందే తెలుసు. ఏం పనో అక్కడివాళ్ళు చెప్తారు. తెలిసిన నలుగురితో కలిసి వెళ్తారు. అయిపోగానే ఇంటికొచ్చేస్తారు. పదవి లేదు, ఎన్నిక లేదు, సన్మానం లేదు. ఇంత తేటగా మన ఊళ్ళో ఏ సేవకైనా ఏర్పాటు ఉందా? మన దగ్గర "వచ్చి కూర్చోండి, చూద్దాం" అంటాం. వచ్చి కూర్చున్నవాళ్ళు గంటసేపు చూసి వెళ్ళిపోతారు.

ఇంకో సంగతి. చెప్పాలా వద్దా అని ఆలోచించాను, చెప్తాను. పని పెద్దవాళ్ళు చేస్తున్నంతవరకూ మంచిదే. తాళం చెవులు కూడా మన దగ్గరే పెట్టుకుంటున్నాం. అధ్యక్షుడు డెబ్భై అయిదు, కార్యదర్శి డెబ్భై రెండు, కోశాధికారి అరవై ఎనిమిది. నలభై ఏళ్ళ మనిషి వస్తే కుర్చీలు సర్దమంటాం. వాడు బ్యాంకు మేనేజరండీ! రెండుసార్లు సర్దుతాడు, మూడోసారి రాడు. మనం "ఈ తరం" అని నిట్టూరుస్తాం. నేను ఈ మాట ప్రేమతో అంటున్నాను. సెక్రటరీగారి ముందే అంటున్నాను, ఎందుకంటే నిన్న నేను ఇంటికెళ్ళి చెప్తే ఆయన ఒప్పుకున్నారు.

అలాగే ఇంకో వైపు నుంచి. డెబ్భై దాటిన మనిషి అంటే సేవ చేయించుకునేవాళ్ళే అని ఇంట్లోవాళ్ళు తీర్మానించేస్తారు. మన ఊళ్ళో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్ళు వీధికి ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ ఇళ్ళల్లో లెక్కల మాస్టర్లున్నారు, నర్సులుగా రిటైరైనవాళ్ళున్నారు. సాయంత్రం అయిదు నుంచి టీవీ. ఒక మాస్టారికి ఎనభై. మెట్లు ఎక్కలేరు. పదో తరగతి పిల్లలు ముగ్గుర్ని ఆయన ఇంటికే పంపాం. లెక్కలు చెప్తారు. ఆయన భార్య నాతో ఏమందంటే, "మూడేళ్ళ తర్వాత ఆయన సాయంత్రం పూట గడ్డం గీసుకుంటున్నారమ్మా, పిల్లలొస్తారని."

చిన్నపిల్లల గురించి ఒక్క ముక్క. బళ్ళో పిల్లల్ని ర్యాలీలకి నిలబెట్టకండి, ఎండలో ప్లకార్డులు ఇచ్చి. అది సేవ కాదు. వాళ్ళని అమ్మతో పాటు తీసుకెళ్ళండి. పులిహోర పొట్లానికి రబ్బరు బ్యాండు వేసిన ఏడేళ్ళ పిల్ల అది జన్మలో మర్చిపోదు. చాలు.

సరే, నా టైము అయిపోయింది, సెక్రటరీగారు గడియారం చూస్తున్నారు. నేను ఒక పుస్తకం తెచ్చాను. అదిగో, గుమ్మం పక్కన బల్లమీద ఉంది. దాన్లో మామూలుగా రాసే సభ్యత్వం వివరాలు లేవు. మూడు గడులు కొట్టాను. మీకు ఏం వచ్చు, వారంలో ఏ రోజు, ఎంతసేపు. అరగంట అని రాసినా ఫరవాలేదు. నెలకి ఒక్కసారి అని రాసినా ఫరవాలేదు. ఇంటి నుంచి కదలలేను, ఫోన్లు చెయ్యగలను అని రాసినా సరే, మే నెలలో రక్తదాతలకి ఫోన్లు చేసేవాళ్ళు కావాలి మాకు.

ఇంకో పేజీ ఉంది, అది ముఖ్యం. మీ పేరు కాదు, మీ ఇంట్లో ముప్ఫై నుంచి యాభై మధ్య ఉన్నవాళ్ళ పేర్లు, నంబర్లు, వాళ్ళని అడిగి వాళ్ళు సరేనంటేనే రాయండి. పిల్లలూ, మీరు కూడా, మీ సీనియర్లు ఎవరైనా ఎన్‌ఎస్‌ఎస్ చేసి ఊళ్ళోనే స్థిరపడ్డవాళ్ళుంటే అడగండి. నేను ఫోన్ చేస్తాను. నేనే చేస్తాను. డబ్బులు అడగనని ముందే చెప్పండి వాళ్ళకి.

ఎరువుల కొట్టు అబ్బాయి ఇవాళ రాలేదు. రబీ ఎరువుల సీజను, కొట్టు వదిలి రాలేడు. కానీ మే నెల శిబిరానికి తన కొట్టు వెనక గోడౌను ఇస్తానన్నాడు, ఫ్యాన్లు కూడా తనే పెట్టిస్తానన్నాడు. తను ఎప్పుడూ రక్తం ఇవ్వలేదట. మొదటి బల్లమీద తనే పడుకుంటానన్నాడు.

పుస్తకం ఎనిమిదింటిదాకా ఇక్కడే ఉంటుంది. పెన్ను దారంతో కట్టాను.